ఆ అడ్వాన్సు మేస్త్రీ దయ కాదు

పోస్టు కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మన జాతాపు, సవర ఊళ్ల నుంచి చెన్నై, హైదరాబాద్ భవనాల పనికి ఎల్లినోళ్ల ఇళ్లలో ఒక మాట వినబడుతుంది: "మేస్త్రీ మంచోడు, ముందే అడ్వాన్సు ఇచ్చాడు." ఆ మాట మీదే నా గొడవ.

కాంట్రాక్టరు మనిషిని వేరే రాష్ట్రానికి పనికి తీసుకెళ్తే, ఊరు వదిలినందుకే నెల జీతంలో సగం (కనీసం 75 రూపాయలు) ఇవ్వాలని 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం చెప్పింది. అది తిరిగి తీసుకోకూడదు, జీతానికి అదనం. రానుపోను చార్జీలు వేరే, ప్రయాణం రోజులకీ కూలి. అదే పని చేసే లోకల్ కూలీతో సమానంగా ఇవ్వాలి. ఫోటోతో పాస్‌బుక్ ఇవ్వాలి. మీ ఊళ్లో ఆ పాస్‌బుక్ ఎవరింట్లో చూశారు? హక్కుగా రావాల్సిన డబ్బుని మేస్త్రీ అప్పుగా మార్చేశాడు, మనోళ్లు దండం పెట్టి తీసుకున్నారు.

ఇప్పుడా చట్టం కూడా లేదు. 2025 నవంబర్ 21న వచ్చిన కొత్త కోడ్‌లో ఆ సొమ్ము ఊసే లేదు. అయిదుగురుంటే వర్తించేది, ఇప్పుడు పదిమంది ఉండాలంట. సొంతంగా ఎల్లినోళ్లని కూడా లెక్కలోకి తెచ్చారు, అదొక్కటే మేలు. గుంటూరు మిరపకోతకి ఎల్తే మాత్రం పాతదీ లేదు, కొత్తదీ లేదు. రాష్ట్రం దాటలేదు కదా!

అలాగని చేతులు ఖాళీ కాదు. కనీస వేతనం కంటే తక్కువిస్తే అది ఆర్టికల్ 23 నిషేధించిన వెట్టిచాకిరీ అని 1982లో ఆసియాడ్ కూలీల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. గ్రూప్స్‌కి బిట్టుగా బట్టీ పట్టే మనం, ఇంట్లో అయ్యకి ఒక్కసారైనా చెప్పామా? నలుగురి ముందు కులం పేరుతో తిడితే 1989 అట్రాసిటీ చట్టం ఉంది. "ఇక్కడ మీరు ఎస్టీలు కారు" అంటారేమో, రాష్ట్రం దాటినా ఆ రక్షణ ఉంటుందని 2023లో బాంబే హైకోర్టు ఫుల్ బెంచ్ తేల్చింది.

నెల్లిమర్లలో 1994లో జూట్ మిల్లు కార్మికులు తూటాలు తిన్నారు. వాళ్లకి యూనియన్ ఉంది, మిల్లు గేటు ఉంది. ఊరూరా తిరిగే మనోళ్లకి రెండూ లేవు. అందుకే చదువుకున్న మనమే ఇంటింటికీ ఒక నోటుబుక్కు పెట్టాలి: మేస్త్రీ నంబరు, సైటు పేరు, పని రోజులు, ఇచ్చిందెంత, కోసిందెంత. అది పట్టుకుని 15100కి ఫోన్ చేయండి. ఎస్టీలకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలుని ఇవ్వాలి. "ఎందుకొచ్చిన గొడవ" అనే పెద్దలకి ఆ నోటుబుక్కులో కోత లెక్క కూడి చూపించండి.