రెండు వన్నెల కారు

చీర యొక వన్నెయు, అంచు వేఱొక వన్నెయు నైనప్పుడు మన చూపు ముందుగా ఆ రెండును కలియుచోటనే నిలుచును. అచ్చట రంగు పాకినచో వెలగల చీరయైనను చిన్నబోవును. కారునకును అంతియే.

1920ల అమెరికాలో కార్లకు రెండు రంగులు వేయించుట గొప్ప వేడుక. మొదటి రంగు ఆరినపిదప దానిపై పాత పత్రికలను జిగురుతో అంటించి, మిగిలిన చోట రెండవ రంగు వేసెడివారు. కాగితము నూడదీయగా దానితో రంగును ఊడివచ్చెడిది. పడిన శ్రమ యంతయు వ్యర్థము! పనివారు విసిగి తిట్టుకొనెడివారు.

ఉప్పుకాగితపు మచ్చులతో అట్టి కార్ఖానాకు వచ్చిన రిచర్డ్ డ్రూ అను యువకుడు ఆ తిట్లు వినెను. రంగులపని తనది కాదు, అయినను ఊరకుండలేదు. నేడు త్రీఎమ్ అనబడు సంస్థలో రెండేండ్లు శ్రమించి, వడ్రంగి జిగురునకు గ్లిసరిను చేర్చి, ముడుతల కాగితమునకు పూసి, 1925లో మాస్కింగు టేపును సిద్ధపఱచెను. అది అంటుకొని నిలుచును. తీసినప్పుడు రంగును చెఱుపదు. చిరిగిన పుస్తకములకు మనము వేయు పారదర్శకపు టేపును 1930లో చేసినదియు అతడే.

మొన్న మా యింట అంట్లు తోము నామె, పీచు వ్రేళ్లను కోయుచున్నదని గొణుగగా మేము కసరితిమి. ఈ వృత్తాంతము చదివినపిదప ఆమె చేతులు చూచితిమి; సిగ్గుపడితిమి. నాడే పీచు మార్చితిమి. మీ యింట గొణుగుచున్న వారెవరో, ఒకపరి వినుడు.