ఎండ అందరిదీ, సబ్సిడీ ఎవరిది?

సూర్యుడికి కులం లేదు. కామందు మాగాణి మీద ఎంత ఎండ కాస్తుందో, గుట్ట పక్కన మనకిచ్చిన ఎకరంన్నర చెలక మీదా అంతే కాస్తుంది. కానీ ఆ ఎండను కరెంటుగా మార్చే పలకలకు ఖరీదుంది. అందులో కొంత ప్రభుత్వం పెట్టుకుంటానంటే దానికో దరఖాస్తుంది. దరఖాస్తుకు పాస్‌బుక్కు కావాలి, బోరు కావాలి, చేతిలో రొక్కం కావాలి. అక్కడికొచ్చేసరికి ఎండకూ కులం అంటుకుంటుంది.

సోలార్ పంపుసెట్ల గురించి మన పేటల్లో రెండు మాటలు వినబడుతున్నాయి. 'అవి పెద్ద రైతులవి, మనకెక్కడివి' అనేది ఒకటి. 'ఫ్రీ కరెంటుండగా ఇవెందుకు' అనేది రెండోది. ఈ రెండు మాటలకూ జవాబు చెప్పాలనే మేము ఇది రాస్తున్నాం.

ముందు రెండో మాట చూద్దాం. వ్యవసాయానికి ఉచిత కరెంటు 2004లో వచ్చింది. తెలంగాణలో 2018 జనవరి నుంచి 24 గంటలిస్తామన్నారు. మంచిదే. అయితే ఉచిత కరెంటు ఎవరికి? మోటారున్నవాడికి. మోటారు ఎవరికి? బోరున్నవాడికి. బోరు ఎవరికి? భూమి ఉన్నవాడికి. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం ఈ దేశంలో సాగు కమతాల్లో దళితుల చేతిలో ఉన్నవి సుమారు 12 శాతం. విస్తీర్ణం లెక్కన చూస్తే 9 శాతంలోపే. ఆ ఉన్న కాస్తయినా చెరువు కింద ఉందా? లేదు. పట్టాలు పంచిన నాడు రాళ్లూ రప్పలూ, గుట్టబోళ్లూ మన వాటాకొచ్చాయి. అక్కడికి కరెంటు పోవాలంటే ఎన్ని స్తంభాలు పాతాలి, ఎంత తీగ లాగాలి, ఎవరి పొలం మీదుగా లాగాలి? ఆ పొలం దొరదైతే తీగ అక్కడే ఆగుతుంది. లైనే లేని చోట ఉచిత కరెంటంటే ఏటికవతల వడ్డించిన పెళ్లి భోజనమే.

సోలార్ మనకు పనికొచ్చేది ఇక్కడే. దానికి స్తంభం అక్కర్లేదు, ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేదు, ఎవరి గట్టూ దాటనక్కర్లేదు. మూడు హార్స్‌పవర్ మోటారుకు దాదాపు మూడు కిలోవాట్ల పలకలు చాలు. బ్యాటరీ లేకుండానే ఎండ ఉన్నంతసేపూ నీళ్లు పోస్తుంది. ఏళ్ల తరబడి రాత్రి కరెంటు కోసం చేలకు పోయి పాము కరిచి, షాకు కొట్టి పోయిన మనవాళ్లను తలుచుకోండి. పట్టపగలు వచ్చే నీళ్ల విలువ అప్పుడు తెలుస్తుంది.

ఇక మొదటి మాట. కేంద్ర ప్రభుత్వం 2019లో కుసుమ్ పథకం తెచ్చింది. ఏడున్నర హార్స్‌పవర్ దాకా సోలార్ పంపుకు నిర్ణయించిన ధరలో కేంద్రం 30 శాతం, రాష్ట్రం 30 శాతం ఇస్తాయి, తక్కిన 40 శాతం రైతు పెట్టుకోవాలి అని లెక్క వేశారు. ఆ 40లో 30 దాకా బ్యాంకు అప్పు తెచ్చుకోవచ్చన్నారు. కాగితం మీద న్యాయంగానే ఉంది. మరి పేటలోకి వచ్చి చూడండి. లక్ష రూపాయల సామానుకు మన వంతు నలభై వేలు. బోరు వేయించుకునే ఖర్చు వేరే. కూలికి పోతే తప్ప పొయ్యి వెలగని ఇంట్లో నలభై వేలు ఎక్కడినుంచి వస్తాయి?

బ్యాంకుకు పోతే 'అసైన్డు భూమి, తాకట్టు చెల్లదు' అని తిప్పి పంపుతారు. సోదరులారా, ఈ సంగతి బాగా గుర్తుపెట్టుకోండి. 1977 నాటి 9వ నెంబరు చట్టం అసైన్డు భూముల అన్యాక్రాంతాన్ని నిషేధించింది గాని, సహకార సంఘాలకూ షెడ్యూల్డు బ్యాంకులకూ పెట్టిన తాకట్టును అదే చట్టంలోని 6వ సెక్షన్ మినహాయించింది. మన భూమి దొరల పాలు కాకూడదని చేసిన చట్టాన్ని మనకే అడ్డుకట్టగా చూపిస్తుంటే ఊరుకోవద్దు. రాతపూర్వకంగా జవాబివ్వమని అడగండి.

అదే పదెకరాల కామందుకైతే నలభై శాతం ఒక పంట డబ్బు. బోరుంది, పాస్‌బుక్కుంది, ఆఫీసులో తెలిసినవాళ్లున్నారు. ఇలాగైతే మనం సబ్బుబిళ్ల మీదా, చెప్పుల జత మీదా కట్టిన పన్ను ఆయన పొలంలో పలకలై మెరుస్తుంది. ఉన్నవాడికే ఊతమిచ్చేదాన్ని సాయమని ఎట్లా అంటాం?

పూర్తి ఖర్చు ప్రభుత్వం పెట్టడం అయ్యే పనేనా అంటారా? 2011లో ఇందిర జలప్రభ పేరుతో ఎస్సీ, ఎస్టీల భూములు పది లక్షల ఎకరాలకు నీళ్లిస్తామని ఉమ్మడి రాష్ట్రంలోనే అన్నారు. 2025 మేలో తెలంగాణ ప్రభుత్వం ఇందిర సౌర గిరి జల వికాసం మొదలుపెట్టింది. పోడు పట్టాలున్న ఆదివాసీల ఆరు లక్షల ఎకరాలకు సోలార్ పంపులతో పూర్తి సబ్సిడీ మీద నీళ్లిస్తామని ప్రకటించింది. అది ఆదివాసీలకు దక్కాల్సిన హక్కే. చివరి ఎకరం దాకా అందాలి. దళితుల అసైన్డు భూములకు కూడా అదే పద్ధతి కావాలని మేము అడుగుతున్నాం. డబ్బు లేదనే మాట చెల్లదు. పోరాడి తెచ్చుకున్న 2013 నాటి సబ్‌ప్లాన్ చట్టం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో దాన్ని ఇంకో పదేళ్లు పొడిగించారు. తెలంగాణలో 2017లో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం చేశారు. ఆ నిధులను అందరూ నడిచే రోడ్ల ఖాతాలో రాసేబదులు రైతు వాటా 40 శాతమూ, బోరు ఖర్చూ అందులోంచి కట్టాలి.

మనవాళ్లకూ ఒక మాట. సూర్యుడు బిల్లు పంపడు గనుక మోటారు ఆపబుద్ధి కాదు. ఎండకు అంతు లేదు గాని భూమిలో నీటికి అంతుంది. మన గట్టి రాతి నేలల్లో ఇంటికో బోరు వేస్తే ముందు ఎండేది లోతుకు దించలేని పేదవాడి బోరే. అందుకే నాలుగైదు కుటుంబాలు కలిసి ఒక బోరు, ఒక పంపు పెట్టుకుని వంతులేసుకోవాలి, డ్రిప్పు పెట్టుకోవాలి. గుజరాత్‌లో ఖేడా జిల్లా ధుండి గ్రామంలో 2016లో ఆరుగురు రైతులు సోలార్ పంపుల సహకార సంఘం పెట్టుకుని మిగిలిన కరెంటును గ్రిడ్డుకు అమ్మారు. నీళ్లు ఆదా చేసినవాడికి డబ్బులొచ్చే దారి అది. కలిసి నిలబడితే కాంట్రాక్టరు కూడా భయపడతాడు. కుసుమ్ కింద పెట్టిన పంపుకు ఐదేళ్ల మరమ్మతు బాధ్యత సరఫరాదారుదే. ఆ కాగితం జాగ్రత్త చేయండి. పంపు పత్రాల్లో ఆడవాళ్ల పేర్లుండాలి, నీళ్లు పెట్టి కలుపు తీసేది వాళ్లే గనుక.

కార్యకర్తలు ఇవాళే చేయాల్సిన పని ఒకటుంది. ఊరూరా అసైన్డు సర్వే నెంబర్లు రాయండి. ఎన్ని ఎకరాలు బీడుపడ్డాయో, ఎందరికి బోరు లేదో, ఎవరి భూమి ఎవరి కబ్జాలో ఉందో లెక్క తీయండి. ఆ జాబితాతో గ్రామసభలో తీర్మానం చేయించి కలెక్టరాఫీసుకు కదలండి.

1927లో మహద్ చెరువు దగ్గర బాబాసాహెబ్ నీళ్లలో వాటా అడిగారు. 1985లో కారంచేడులో గొడవ మొదలైందీ మంచినీళ్ల చెరువు దగ్గరే. ఇప్పుడు నీళ్లు భూమి లోపలికి పోయాయి, వాటిని తోడే శక్తి ఆకాశం నుంచి దిగుతోంది. ఆ రెండింట్లోనూ మన వాటా మనం తీసుకోవాల్సిందే.

జై భీమ్!