తిక్కనతో ఒక సంవత్సరము

ఈ యుగాది మొదలు వచ్చు యుగాది వఱకు తిక్కన సోమయాజి భారతమును, విరాటపర్వము నుండి స్వర్గారోహణము దాక పదునైదు పర్వములను, వరుస తప్పక చదువుదమని మా పాఠకులలో కొందఱు సంకల్పించి, ఆ సంకల్పమునకు పత్రికను సాక్షిగా నిలువుమని కోరినారు. సాక్షిగా నిలుచుటకంటె మేమును పీట వేసికొని కూర్చుండుటయే మర్యాదయని తలచి పేరు వ్రాయించుకొంటిమి. ఒక ప్రాచీనుని ఎంచుకొని గడువు పెట్టుకొని చదువు ఇట్టి దీక్షలు ఇప్పుడు పలుదేశములందు వాడుకలో నున్నవి. వానిలో చదివిన పుస్తకముల లెక్కయే ప్రధానమగుచుండుట మాకంతగా రుచింపదు.

తిక్కనను క్రొత్తగా చదువవలెనా యని అడుగువారు ఉందురు. కీచకవధ యెఱుగని తెలుగువాడు లేడు. 1963లో వచ్చిన నర్తనశాల చలనచిత్రము బృహన్నలను ఇంటింటికి తెచ్చినది. శ్రీకృష్ణరాయబారమా, హార్మోనియము మ్రోగగనే ప్రేక్షకులే పద్యము నందుకొందురు. అయితే ఆ పద్యములు తిరుపతి వేంకటకవుల నాటకములవి. వానికై ఉద్యోగపర్వమెల్ల గాలించి, దొరకక, తమ చేతి ప్రతియే లోపభూయిష్ఠమని అనుమానపడువారును ఉండవచ్చును. మనమెఱిగిన తిక్కన పాఠ్యగ్రంథమును, రంగస్థలమును, తెరయును ఏఱి యిచ్చిన తిక్కన.

ఏఱినదానిలో కవి యెచ్చట నిలిచెనో, ఎచ్చట దాటిపోయెనో కనబడదు. విరాటపర్వమున కథ యెంత? ఒక యేటి అజ్ఞాతవాసము, ఒక కాముకుని చావు, ఒక గోగ్రహణము. దానికి ఐదు ఆశ్వాసములు. ద్రౌపది రాత్రివేళ వంటశాలకు పోయి భీముని మేల్కొలిపి మొఱపెట్టుకొను ఘట్టమున, ఆమె దుఃఖమును, ఎత్తిపొడుపును, ధర్మరాజుపై గౌరవము విడువలేకయే పలుకు నిష్ఠురమును ఒకదానివెంట నొకటి రానిచ్చుచు, తిక్కన ఏమాత్రమును తొందరపడడు. అట్టి కవి భీష్మపర్వమునకు వచ్చునప్పటికి, సంస్కృతమున 18 అధ్యాయములు, 700 శ్లోకములు గల భగవద్గీతను కొలది పద్యములలో సంగ్రహించి యుద్ధములోనికి సాగిపోయినాడు. లోకమెల్ల శిరమున దాల్చు భాగమును ఇంతగా ఏల కుదించెను? 13వ శతాబ్దమున నెల్లూరి మనుమసిద్ధి కొలువున నుండి, యజ్ఞముచేసి సోమయాజియై, తన భారతమును రాజునకు గాక హరిహరనాథునికి అంకితమిచ్చిన వానికి తత్త్వవిచారమున ఆసక్తి లేదనుటకు వీలులేదు. శాంతి, ఆనుశాసనిక పర్వములను తెలిగించిన ఓర్పు ఆయనది. ఉభయసేనలు ఎదురెదురుగా నిలిచి శంఖములు పూరించిన క్షణమున కథను అంతసేపు నిలిపియుంచుటకు ఆయనలోని నాటకకర్త ఒప్పుకొనలేదని మాకు తోచుచున్నది. అంపశయ్యపై నున్న భీష్ముని ధర్మరాజు ప్రశ్నించునప్పుడు అట్టి త్వర లేదు, కావున అచ్చట ఆయన కలము నిదానించినది. పండితులకు వేఱు సమాధానము లుండవచ్చును. కాని ప్రశ్న పుట్టుటకైనను విరాటపర్వము ముగించిన చేతితోనే తక్కినవానిని తెరువవలెను.

నెలకొక పర్వమని విభజింపబోయినవారికి ఆదిలోనే చిక్కు. మౌసలము ఒక సాయంకాలపు పని. శాంతిపర్వమునకు ఒక ఋతువు చాలదు. పర్వములతో గాక ఆశ్వాసములతో కొలుచుకొనుట మేలు. వావిళ్లవారి పాత ప్రతి ఇంట నున్నవారు అదృష్టవంతులు; లేనివారికి తిరుమల తిరుపతి దేవస్థానమువారి సటీక సంపుటములు ఉన్నవి. ముందు పద్యమును బిగ్గరగా చదివి పిదప తాత్పర్యము చూడుడు. తిక్కన పద్యము మాటలాడుచున్నట్లు చెవికి తగిలిన పిమ్మట నిఘంటువుతో పని సగము తగ్గును. వానలు కురియనిచో ఊళ్లలో విరాటపర్వము చదివించుట మన పెద్దల ఆచారము. ఆ నమ్మకము మాట యెట్లున్నను, ఒకడు చదువగా పదుగురు వినుచు, నడుమ నడుమ నిలిపి తగవులాడుకొను ఆ పద్ధతి ఈ కావ్యమునకు మిక్కిలి తగినది. వీలైనవారు వారమున కొకమాపైనను అట్లు కూడుకొనుడు.

శాంతిపర్వమున చాలమంది జారిపోవుదురని మాకు తెలియకపోలేదు. మేమును ఆ బృందమున చేరుదుమేమో! అట్లు విడిచినవారును మాకు వ్రాయవలెను: ఏ ఆశ్వాసమున, ఏ పద్యము నొద్ద, ఏమి తోచి పుస్తకము మూసిరో. పూర్తిచేసినవారి పేర్ల పట్టికకన్న ఆ జాబులనే ముందుగా అచ్చువేయుదుము.