ఆ వడ్డీ ఎక్కడ పుడుతోందో అడగండి

సంక్రాంతి దాటి ఉగాది వచ్చేదాకా అనకాపల్లి మార్కెట్‌కు బెల్లం దిమ్మలు జోరుగా వస్తాయి. చుట్టుపక్కల పల్లెల్లో నాలుగు డబ్బులు చేతులు మారే రోజులవి. సరిగ్గా అప్పుడే "లక్ష పెడితే నెలకు పది వేలు" అంటూ ఎవరో ఒకరు గడప తొక్కుతారు. వచ్చేది దొంగ మొహం కాదు. బావమరిదో, పిల్లల మాస్టారో, డ్వాక్రా సంఘంలో పక్కన కూర్చునే ఆవిడో. మొహమాటానికి సంతకం పెట్టకండి. ఆ పది వేలు ఏ పనిలో పుడుతున్నాయో ముందు అడగండి.

వ్యాపారంలో డబ్బు ఎలా పుడుతుందో అనకాపల్లికి ఒకరు చెప్పాలా? పది టన్నుల చెరకు ఆడితే దాదాపు టన్ను బెల్లం. నరికిన కూలి, గానుగ ఖర్చు, పెనం దగ్గర వండినవాళ్ల కూలి, బండి కిరాయి, కమీషన్, కళాసీల కూలి పోగా మిగిలిందే రైతుది. రంగు తేలితే ఒక ధర, నల్లబడితే ఇంకో ధర. కొన్న వర్తకుడు ఒడిశాకో బెంగాల్‌కో పంపుతాడు, లేదా రేటు పెరుగుతుందని కోల్డ్ స్టోరేజీలో పెట్టి అద్దె కడుతూ కూర్చుంటాడు. ఒక్కో ఏడాది ఆ అద్దే నెత్తిన పడుతుంది. తాతల నాటి నుంచి ఈ వ్యాపారంలో ఉన్నవాళ్లను అడిగి చూడండి, పెట్టుబడి మీద నెలకు నూటికి పది రూపాయలు ఏ నెలా తప్పకుండా వస్తాయేమో.

బ్యాంకుదీ తేడా మీద బతుకే. మీ డిపాజిట్‌కు తక్కువ వడ్డీ ఇచ్చి, ఆ డబ్బే ఇంటికో ట్రాక్టరుకో అంతకన్నా ఎక్కువ వడ్డీకి అప్పిస్తుంది. జీతాలు, అద్దెలు, మొండి బాకీలు ఆ తేడాలోంచే పోవాలి. పైగా డిపాజిట్లలో దాదాపు ఐదో వంతు రిజర్వు బ్యాంకు దగ్గర నగదుగానూ, ప్రభుత్వ బాండ్లలోనూ ఉంచక తప్పదు. రిజిస్టరైన చిట్టీలో వేలంలో తగ్గిన మొత్తం సభ్యులకే పంచుతారు. నిర్వాహకుడి కమీషన్ ఏడు శాతం మించకూడదని 2019లో సవరించిన చట్టం చెబుతోంది. వీటిలో ఎక్కడా ఏడాదికి నూటికి నూట ఇరవై పుట్టదు.

మరి మొదటి నెల పది వేలు ఎలా చేతికొస్తాయి? లెక్క వేసి చూడండి. పది మంది తలా లక్ష కట్టారు. నిర్వాహకుడి దగ్గర పది లక్షలు. నెలకు తలా పది వేల చొప్పున లక్ష పంచుతాడు. ఏ వ్యాపారం చేయకపోయినా, ఒక్క రూపాయి సంపాదించకపోయినా పది నెలలు ఠంచనుగా పంచగలడు. ఆ పది నెలల్లో ఆ పది మందే ఊరంతా తిరిగి "మాకు వస్తోంది" అని చెబుతారు. వాళ్లు అబద్ధమాడటం లేదు, అందుకే జనం నమ్ముతారు. కొత్తగా చేరేవాళ్లు తగ్గిన నెల ఆఫీసుకు తాళం పడుతుంది.

అగ్రిగోల్డ్‌ను అప్పుడే మరిచిపోయామా? విజయవాడ కేంద్రంగా నడిచిన ఆ సంస్థ ప్లాట్లు, లేదంటే గడువు తీరాక పెద్ద మొత్తం ఇస్తామని వేలాది ఏజెంట్లతో ఊరూరా వసూళ్లు చేసింది. అది కుప్పకూలాక తేలిన లెక్క దాదాపు 32 లక్షల మంది, 6,380 కోట్ల రూపాయలు. మన ఉత్తరాంధ్ర పల్లెలూ అందులో ఉన్నాయి. ఏజెంట్లకు భారీ కమీషన్ ఇచ్చారు. ఆ కమీషన్ కూడా డిపాజిటర్ల డబ్బే. 2019లో పది వేల లోపు, 2021లో ఇరవై వేల లోపు కట్టినవాళ్లకు రాష్ట్ర ప్రభుత్వం చెల్లించింది. అంటే ఖజానా చెల్లించింది, ఆ సంస్థలో రూపాయి పెట్టనివాళ్ల పన్నుల్లోంచి. జప్తు చేసిన ఆస్తుల వ్యవహారం పదేళ్లు దాటినా సాగుతూనే వచ్చింది. కూతురి పెళ్లికని దాచినవాళ్లకు ఆ పదేళ్లు ఎవరు తిరిగిస్తారు?

ఏజెంటుగా తిరుగుతున్నవాళ్లకు గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. అనుమతి లేని డిపాజిట్ పథకాలను నిషేధిస్తూ 2019లో కేంద్రం చట్టం తెచ్చింది. అలాంటి పథకంలో చేరమని పిలిచినందుకే ఏడాది నుంచి ఐదేళ్ల జైలు. డబ్బు తీసుకుంటే రెండు నుంచి ఏడేళ్లు. "నేను కంపెనీ మనిషిని కాను, కమీషన్‌కే చేశాను" అన్న మాట మిమ్మల్ని కాపాడదు.

డబ్బు ఇచ్చే ముందు రిజర్వు బ్యాంకు 'సచేత్' వెబ్‌సైట్‌లో ఆ సంస్థ పేరు వెతకండి. చిట్టీ అయితే మీ గ్రూపుకు చిట్స్ రిజిస్ట్రార్ ఇచ్చిన నంబరు చూపమనండి. చూపకపోతే లేచి వచ్చేయండి. బ్యాంకులో డిపాజిట్‌కు ఒక్కొక్కరికి ఒక్కో బ్యాంకులో ఐదు లక్షల దాకా బీమా ఉంటుంది. బోర్డు మీద "సహకార" అని ఉన్నంత మాత్రాన ఆ బీమా వస్తుందనుకోవద్దు; ప్రాథమిక పరపతి సంఘాలకు అది వర్తించదు.

ఇప్పటికే కట్టినవాళ్లు రసీదులు, ఫోన్‌పే వివరాలు, వాట్సాప్ సందేశాలు చెరపకుండా దాచుకోండి. రెట్టింపు చేస్తామంటే మళ్లీ కట్టకండి. మీ డబ్బు రాబట్టుకోవడానికి ఇంకొకరిని చేర్పించకండి. ఆన్‌లైన్‌లో పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి, లేదంటే కాగితాలు పట్టుకుని ఈ రోజే పోలీస్ స్టేషన్‌కు వెళ్లండి.