సంతకం ఉంటే సరిపోతుందా?

జవహర్‌నగర్‌లో మా పొదుపు సంఘం లెక్కలు నేనే రాస్తాను. మొన్నటి సమావేశంలో ఒక సభ్యురాలు లేచి, "లెక్క రాసేది నువ్వే, బ్యాంకుకు పొయ్యేది నువ్వే. పైసలు ఉన్నయో లేవో మాకెట్ల తెలుస్తదక్కా?" అంది. మనసు చివుక్కుమంది. ఇంటికొచ్చి ఆలోచిస్తే ఆమె అడిగింది న్యాయమే అనిపించింది. ఈ ప్రశ్నే గట్టిగా అడిగి ఉంటే సత్యం కంప్యూటర్స్ వ్యవహారం అంతదాకా వచ్చేదా?

2009 జనవరి 7న ఆ సంస్థ ఛైర్మన్ రామలింగరాజు లెక్కలు తప్పని లేఖ రాశారు. 2008 సెప్టెంబరు నాటికి పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్లు. అందులో 5,040 కోట్లు లేనే లేవు! ఒక్కరోజులో షేరు 179 రూపాయల నుంచి 40కి పడిపోయింది.

మరి ఆడిటర్లు ఏం చూసినట్టు? డిపాజిట్లు ఉన్నాయా అని ఆడిటరే బ్యాంకుకు రాసి, జవాబు నేరుగా తెప్పించుకోవాలి. ప్రైస్ వాటర్‌హౌస్ ఆడిటర్లు ఆ ఉత్తరాల పని కంపెనీకే వదిలేశారని అమెరికా నియంత్రణ సంస్థలు తప్పుపట్టాయి. 2011లో 75 లక్షల డాలర్ల జరిమానా వేశాయి.

నష్టం అందరికీ ఒకేలా ఉండదు. లోపలివాళ్లకు నిజం తెలుసు. యజమానుల షేర్లు తాకట్టు పెట్టుకున్న అప్పులవాళ్లు ఆ లేఖ రాకముందే వాటిని అమ్ముకున్నారు. మనలాంటి చిన్న మదుపుదారులకు దిక్కు వార్షిక నివేదిక, దానిమీద ఆడిటర్ సంతకం. ఆడిట్ గట్టిదైతే అందరికీ తెలిసేది ఒకే నిజం. లేకపోతే ముందు తెలిసినవాడు బయటపడతాడు, ఆఖరున తెలిసినవాడు మునుగుతాడు.

తర్వాత కొంత మారింది. తాకట్టు షేర్ల వివరాలు వెల్లడించాలని 2009లోనే సెబీ నిబంధన పెట్టింది. 2013 కంపెనీల చట్టం ప్రకారం, స్టాక్ మార్కెట్లో నమోదైన కంపెనీకి ఒకే ఆడిట్ సంస్థ వరుసగా పదేళ్లకు మించి ఉండకూడదు. 2015లో హైదరాబాద్ ప్రత్యేక కోర్టు ఇద్దరు ఆడిటర్లతో సహా పదిమందికి శిక్ష వేసింది. ఆడిటర్లపై నిఘాకు 2018లో ప్రత్యేక సంస్థ వచ్చింది.

అయినా మన జాగ్రత్త మనకుండాలి. షేర్లు కొనేముందు మూడు సంగతులు చూడండి. ఆడిటర్ మధ్యలో తప్పుకున్నారా? నివేదికలో అభ్యంతరాలేమైనా రాశారా? యజమానుల షేర్లు ఎన్ని తాకట్టులో ఉన్నాయి?

మా సంఘంలోనూ ఒక మార్పు. వచ్చే నెల నుంచి పాస్‌బుక్ ప్రింటు వేయించడానికి నేను వెళ్లను. ఆ ప్రశ్న అడిగినామె వెళ్తుంది.