అందరూ ఒకేసారి బయలుదేరితే?

సంక్రాంతి ముందురోజుల్లో హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్ళే రహదారిని మీరెప్పుడైనా చూశారా? చౌటుప్పల్ దగ్గర పంతంగి టోల్ గేటు ముందు కార్లు చీమలబారులా నిలబడి ఉంటాయి. ఆ బారులో చిక్కుకున్న కార్లలో చాలావాటిలో వినబడే మాట ఒక్కటే: "వచ్చే ఏడాది తెల్లవారుజామున మూడింటికే బయలుదేరాలి!" ఆలోచన మంచిదే. కాని పక్క కారులోని వాళ్ళూ సరిగ్గా అదే అనుకుంటూంటారు. మరి వచ్చే ఏడాది మూడింటికి ఏమవుతుంది?

నవ్వు వస్తోంది కదూ! కాని ఈ ప్రశ్నలో చాలా విజ్ఞానం ఉంది.

అసలు దారి మధ్యలో ఏ అడ్డంకీ లేకుండానే కార్లు ఎందుకు ఆగిపోతాయి? జపాన్ శాస్త్రజ్ఞులు దీన్ని ప్రయోగం చేసి చూశారు. ఆ ఫలితాలు 2008లో వెలువడ్డాయి. 230 మీటర్ల చుట్టుకొలత గల వృత్తాకారపు బాటలో 22 కార్లను గంటకు సుమారు 30 కిలోమీటర్ల వేగంతో నడపమన్నారు. అక్కడ గేటు లేదు, ప్రమాదమూ లేదు. అయినా కాసేపటికి ఒకరు కొంచెం నెమ్మదించారు. వెనకాయన ఇంకొంచెం ఎక్కువగా బ్రేకు నొక్కాడు. ఆ వెనకాయన పూర్తిగా ఆగిపోయాడు! కార్లు ముందుకు పోతూంటే, ఆ ఆగుడు మాత్రం గంటకు సుమారు 20 కిలోమీటర్ల వేగంతో అలలాగా వెనక్కి ప్రయాణించింది. అంటే దారిలో కార్లు ఒక హద్దు దాటి చిక్కబడితే చాలు, ఎవరి తప్పూ లేకుండానే రద్దీ పుడుతుందన్నమాట.

రద్దీని చూసిన యాత్రికుడు ఏం చేస్తాడు? బయలుదేరే వేళ మార్చుకుంటాడు. లేదా నాగార్జునసాగర్ మీదుగా మరో దారి పడతాడు. లేదా వేరే ఊరు ఎంచుకుంటాడు. లేదా కారు వదిలి రైలెక్కుతాడు. ఇవేవీ కుదరకపోతే ప్రయాణమే మానుకుంటాడు.

ఇప్పుడు దారిని వెడల్పు చేశామనుకోండి. అలా తప్పుకున్న వాళ్ళందరూ తిరిగి అదే దారికి, అదే వేళకు వచ్చేస్తారు! పట్టణాల పెద్ద రహదారుల మీద రద్దీవేళల్లో ఇలాగే జరుగుతుందని అమెరికా ఆర్థికశాస్త్రవేత్త ఆంథొనీ డౌన్స్ 1962లోనే వివరించాడు. అందుకే "రోడ్డు వెడల్పు చేస్తే అంతా సరిపోతుంది" అనే మాటను నేను నమ్మను.

ఫ్రాన్సు దేశం మరో ఉపాయం పట్టింది. అక్కడ ఆగస్టు నెల సెలవులకు జనం కార్లలో సముద్రతీరానికి తరలిపోతారు. 1976లో ప్రభుత్వం "బిజోన్ ఫ్యుటే" అనే సేవను ప్రారంభించింది. అంటే "తెలివైన అడవిదున్న" అని అర్థం. ఏ రోజు ప్రయాణం సుఖమో, ఏ రోజు కష్టమో అది రంగులతో ముందే చెబుతుంది: ఆకుపచ్చ, నారింజ, ఎరుపు, నలుపు. పక్కదారులనూ సూచిస్తుంది. అక్కడి బడులకు శీతాకాలపు, వసంతకాలపు సెలవులను దేశాన్ని మూడు భాగాలు చేసి వేరు వేరు తేదీల్లో ఇస్తారు. వీటివల్ల మేలు జరిగింది. అయినా వేసవిలో నల్ల శనివారాలు నేటికీ వస్తూనే ఉన్నాయి.

కొండల సంగతి మరీ కష్టం. ఊటీ ఘాట్ రోడ్డును వెడల్పు చేయాలంటే కొండను తొలవాలి, అడవిని నరకాలి. అందుకే మద్రాసు హైకోర్టు ఆదేశం మీద 2024 మే 7 నుంచి ఊటీ, కొడైకెనాల్ వెళ్ళే వాహనాలకు ముందస్తు అనుమతి పెట్టారు. 2025 వేసవిలో ఊటీకి మామూలు రోజుల్లో 6,000, వారాంతాల్లో 8,000 వాహనాలనే పరిమితి విధించారు. ప్రభుత్వ బస్సులకు మాత్రం అడ్డు పెట్టలేదు. నాకు ఇది న్యాయంగానే తోస్తోంది. మనం నాలుగు రోజులు చూసి వచ్చేస్తాం. అక్కడి వాళ్ళు మాత్రం ఆ దారిమీదే ఆసుపత్రికి వెళ్ళాలి. కార్ల బారులో చిక్కిన అంబులెన్సుకు మన విహారయాత్ర సంగతి ఏం తెలుస్తుంది?

ఒక చిన్న లెక్క చేయండి. 48 మంది, కారుకు నలుగురు చొప్పున, 12 కార్లలో వెళ్ళారు. కారు పొడవు 4 మీటర్లు. సందు లేకుండా ఆనించి పెట్టినా 48 మీటర్ల దారి కావాలి. అదే 48 మంది ఒక్క బస్సులో పడతారు. దాని పొడవు 12 మీటర్లే!

"బామ్మకు మోకాళ్ళ నొప్పులు, సామాను బోలెడు, మా ఊరికి బస్సే లేదు" అంటారా? నిజమే. ఇంటి గుమ్మం దాకా కాకపోయినా, కనీసం ఊరి మొగదల దాకా బస్సు వస్తేనే జనం కారు వదులుతారు. కనుక మనం అడగవలసింది మరో రెండు వరసల రోడ్డు కాదు, పండుగ రోజుల్లో పల్లె దాకా వచ్చే బస్సు. పండుగను మార్చలేం సరే, బడులు తెరిచే రోజును జిల్లాకొక తీరుగా మార్చలేమా? తిరుగు ప్రయాణమైనా తేలికవుతుంది.

ఈసారి ఊరు వెళ్ళేటప్పుడు ఒక కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి. పక్కన కనబడే నూరు కార్లలో ఎందరెందరు ఉన్నారో లెక్కపెట్టండి. ఆ లెక్క మీ అమ్మానాన్నలకు చూపించండి. తరువాతి ప్రయాణం ఎలా చేయాలో అందరూ కలిసి ఆలోచించండి.