మంచు మన కాల్షీట్ చూడదు

మా అపార్ట్‌మెంట్ మూడో అంతస్తు కుర్రాడు మొన్న ఆదివారం పొద్దున్నే లాప్‌టాప్ పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. "బాబాయ్ గారూ, మీరు షూటింగులకి మనాలి చాలాసార్లు వెళ్లారు కదా, ఇదొక్కసారి చూసిపెట్టండి" అన్నాడు. చూశాను. డిసెంబర్ 20 తెల్లవారుజామున ఫిల్మ్‌నగర్‌లో బయల్దేరతారు. 22 రాత్రికి చండీగఢ్. 23న మనాలి. 24న అటల్ టన్నెల్ దాటి సిస్సూ. 25న సోలాంగ్‌లో పిల్లలకు మంచు ఆటలు. 26 పొద్దున్నే తిరుగు ప్రయాణం, 29కి ఇల్లు, 30న ఆఫీసు. సొంత కారు, నడిపేది తనొక్కడే. కారులో భార్య, ఏడేళ్ల బాబు, మూడేళ్ల పాప, అరవై ఎనిమిదేళ్ల అత్తగారు. హోటళ్లన్నిటికీ డబ్బు కట్టేశాడు.

ఒక్క గడి కూడా ఖాళీ లేదు. నాకు భయం వేసింది అక్కడే.

నేను ఇరవై ఎనిమిదేళ్లుగా ప్రొడక్షన్ మేనేజర్‌ని. నా పనంతా తేదీలు అతకడమే. హీరో కాల్షీట్, హీరోయిన్ కాల్షీట్, కెమెరామన్ డేట్లు, లొకేషన్ పర్మిషన్, యూనిట్ టికెట్లు, ఇవన్నీ ఒక కాగితం మీద కలవాలి. ఔట్‌డోర్ షెడ్యూల్ వేసేటప్పుడు నా గురువు మొట్టమొదట అడిగిన ప్రశ్న ఒకటే: "వానొస్తే ఏం తీస్తావురా?" గోదావరి గట్టు మీద సీను తీస్తుంటే, ఆ ఊళ్లోనే ఏదో ఒక ఇంట్లో తీయదగ్గ సీను ఒకటి చేతిలో ఉంచుకుంటాం. వాన మొదలైతే యూనిట్ మొత్తం ఆ ఇంట్లోకి మారిపోతుంది. రోజు పోదు, ఎవరూ తొందరపడరు. సెలవుకి కొండెక్కే కుటుంబాల షెడ్యూల్‌లో అలాంటి ఇల్లు ఉండదు. అందుకే వాళ్లు వానలోనూ మంచులోనూ ముందుకే పోతారు.

తొందరపడితే ఏమవుతుందో నాకు 2007 నవంబర్ నేర్పింది. అప్పటికి టన్నెల్ లేదు. పాటలో ఒక బిట్ కోసం ముప్పై నాలుగు మందిమి మనాలి నుంచి రోహ్‌తాంగ్ వైపు బయల్దేరాం. ఆ కనుమ ఎత్తు 3,978 మీటర్లు. దారిలో కోఠీ అనే ఊరి దగ్గర టీ కోసం ఆగినప్పుడు మా ముందు బండి నడిపే మనాలి డ్రైవరు కొండ కొసలవైపు చూసి, "మేనేజర్ సాబ్, ఈ గాలి బాగాలేదు, ఇవాళ వద్దు" అన్నాడు. హీరోయిన్ డేటు ఆ ఒక్క రోజే. రెండు గంటల పనే కదా అన్నాను. ఆయన మళ్లీ మాట్లాడలేదు.

మఢీ అనే మజిలీ దాటి పైకి వెళ్లాక మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి మంచు మొదలైంది. ప్యాకప్ చెప్పి సామాను ఎక్కించేసరికే రోడ్డు తెల్లబడిపోయింది. రెండో మలుపులో టెంపో ట్రావెలర్ వెనక చక్రం పక్క కాలవలోకి జారింది. జనరేటర్ బండి ఆగిపోయింది, మళ్లీ స్టార్ట్ కాలేదు. బళ్లు అక్కడే వదిలి మఢీ దాకా నడిచాం. సీజన్ అయిపోయి దుకాణం కట్టేయడానికి సిద్ధమవుతున్న ఒక ఢాబా ఆయన తలుపు తీశాడు. పది రజాయిలు, ముప్పై నాలుగు మంది. మా కాస్ట్యూమర్ ట్రంకులు తెరిచి, పాటలో డాన్సర్లకని తెచ్చిన స్వెటర్లూ శాలువాలూ అందరికీ పంచాడు. రాజ్మా అన్నం తిని రాత్రంతా పొయ్యి చుట్టూ కూర్చున్నాం. కృష్ణానగర్ నుంచి వచ్చిన పందొమ్మిదేళ్ల డాన్సర్ అమ్మాయికి నడిరాత్రి ఊపిరి ఆడలేదు. మా దగ్గర ఆక్సిజన్ సిలిండర్ లేదు. మర్నాడు మధ్యాహ్నం రోడ్డు తెరిచే సిబ్బంది ట్రక్కులో ఆ పిల్లను కిందికి దించారు. బతికింది. వాళ్లమ్మకు ఫోన్ చేసి చెప్పింది నేనే. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు, ఏడుస్తూ వింది. ఆ ఫోను నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది.

ఆ మనాలి డ్రైవరు ఎందుకు మళ్లీ మాట్లాడలేదో నాకు తర్వాత అర్థమైంది. కోఠీ నుంచే వెనక్కి తిరిగితే ఆ రోజు కిరాయి సంగతి ఏమిటి? మేం సగమే ఇస్తామేమోనని ఆయన భయం. కొండ గురించి తెలిసిన ఒకే ఒక్క మనిషి నోరు ఆ సగం కిరాయి మూయించింది. అప్పటినుంచి కొండ మీదికి వెళ్లే ప్రతి ఉదయం, బండి కదలకముందే డ్రైవర్లందరి ముందూ చెబుతున్నాను: వెనక్కి తిరిగినా పూర్తి రోజు డబ్బు, తిరుగుదామని ఎవరన్నా సరే తిరుగుతాం. ఇలా చెప్పడం మొదలుపెట్టాక నాలుగుసార్లు సగం దారిలోంచి వెనక్కి వచ్చాం. అందులో మూడుసార్లు ఆ సాయంత్రానికి వాతావరణం బాగానే ఉంది. ఆ డబ్బు పోయిందని నేను ఏనాడూ అనుకోలేదు.

ఇప్పుడు టన్నెళ్లు వచ్చాయి కదా అంటారు. వచ్చాయి, వాటిని చూసి నేనూ గర్వపడతాను. 2020 అక్టోబర్ 3న ప్రారంభమైన అటల్ టన్నెల్ పొడవు 9.02 కిలోమీటర్లు. మన హైదరాబాద్ మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారే శ్రీనగర్ దాకా వెళుతుంది. ఆ దారిలో బనిహాల్ కనుమ కింద ఎనిమిదిన్నర కిలోమీటర్ల సొరంగం తవ్వింది మన తెలుగువాళ్ల నవయుగ సంస్థ. జోజి లా కనుమ కింద పదమూడు కిలోమీటర్ల సొరంగం తవ్వుతున్నది హైదరాబాద్‌కు చెందిన మేఘా సంస్థ. కానీ సొరంగం మంచును ఆపదు, కొండ పొట్టలోంచి దారి ఇస్తుంది, అంతే. దాని రెండు నోళ్ల దగ్గరా రోడ్డు ఆకాశం కిందే ఉంటుంది. అటల్ టన్నెల్ ముఖద్వారం మూడు వేల మీటర్ల పైన ఉంది. ఒకప్పుడు రోహ్‌తాంగ్ మూసేస్తే ఎవరూ అటు పోయేవారు కారు. ఇప్పుడు నిన్నటిదాకా విజయవాడ హైవే మీద తిరిగిన కారు, మనాలిలో టిఫిన్ చేసి గంటలో అంత ఎత్తుకు చేరుతోంది. కనుమ దగ్గర ఉండే ప్రమాదం ఇప్పుడు టన్నెల్ ముందున్న మలుపుల్లోకి దిగింది.

2024 డిసెంబర్ చివరి వారంలో జరిగింది అదే. సోలాంగ్‌కీ టన్నెల్‌కీ మధ్య దాదాపు వెయ్యి వాహనాలు మంచులో చిక్కుకుపోయాయి. పోలీసులు రాత్రిళ్లు నిలబడి ఒక్కో కారునూ తోసి జనాన్ని బయటికి తెచ్చారు. సిక్కింలో 2018 డిసెంబర్ 28న నాథులా దారిలో చిక్కుకున్న సుమారు 2,500 మందిని సైనికులు తమ బారకాసుల్లోకి తీసుకెళ్లి పడుకోబెట్టారు. పాకిస్తాన్‌లోని మరీలో 2022 జనవరిలో అలా ఎవరూ సమయానికి రాలేదు. ఇరవై మందికి పైగా తమ కార్లలోనే చనిపోయారు, అందులో పిల్లలూ ఉన్నారు. కారు ఆగిపోతే చలికి తట్టుకోలేక అద్దాలు బిగించి ఇంజిన్ నడుపుతాం. పొగగొట్టం మంచులో కూరుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ కారులోకే వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రపట్టినట్టే ఉంటుంది. అందుకే ఇంజిన్ వేసే ముందు ఎవరో ఒకరు దిగి పొగగొట్టం చుట్టూ మంచు తవ్వాలి, ఒక అద్దం కాస్త దించి ఉంచాలి. ఈ ఒక్క సంగతి కారులో పెద్దవాళ్లందరికీ తెలిసి ఉండాలి.

మా కుర్రాడికి ముందుగా కారు గురించే చెప్పాను. మన ఊళ్లో రేడియేటర్‌లో నీళ్లు తగ్గితే చాలామంది కుళాయి నీళ్లే పోస్తారు. హైదరాబాద్‌లో అది గడ్డకట్టదు. మైనస్ డిగ్రీల్లో ఆ నీరు గడ్డకట్టి ఉబ్బి రేడియేటర్‌నీ, ఇంజిన్ బ్లాక్‌నీ పగలగొడుతుంది. ఉన్నదంతా తీసేసి చలికి తగిన కూలెంట్ పోయించాలి. డీజిల్ బండి అయితే ట్యాంకు నిండా ఇక్కడి డీజిల్‌తో కొండెక్కకూడదు. గట్టి చలిలో డీజిల్‌లోని మైనం పేరుకుని ఫిల్టర్‌ని మూసేస్తుంది. మఢీ పైన మా జనరేటర్ బండి ఆగింది దానితోనే. లద్దాఖ్ కోసం ఇండియన్ ఆయిల్ మైనస్ 33 డిగ్రీల్లోనూ గడ్డకట్టని డీజిల్‌ని 2019 నవంబర్‌లో ప్రత్యేకంగా తెచ్చిందంటే ఆ ఇబ్బంది ఎంతటిదో ఊహించుకోవచ్చు. రాత్రి బండి ఆపేటప్పుడు హ్యాండ్‌బ్రేక్ వేస్తే పొద్దునకి అది పట్టేసి ఊడి రాకపోవచ్చు. గేరులో ఉంచి చక్రాలకి రాళ్లు పెట్టాలి. మంచు చెయిన్లు ఇంజిన్ తిప్పే చక్రాలకి వేయాలి. మన చిన్న కార్లలో చాలావాటికి అవి ముందు చక్రాలు. ఆ చెయిన్లు వేయడం మన పార్కింగ్‌లోనే రెండుసార్లు చేసి చూసుకోవాలి. వేళ్లు కొంకర్లు పోయే చలిలో మొదటిసారి నేర్చుకునే పని కాదది.

రోడ్డు మీద తెల్లగా కనపడే మంచుకన్నా కనపడని గడ్డ ప్రమాదం. పగలు కరిగిన నీరు రాత్రి గడ్డకట్టి, ఎండ తగలని మలుపుల్లో తారు రంగులోనే మెరుస్తుంది. చూస్తే తడి అనుకుంటాం. అందుకే అక్కడ పొద్దున పదింటికి ముందు కదలకూడదు, మధ్యాహ్నం మూడింటికల్లా కిందికి దిగుతూ ఉండాలి. దిగేటప్పుడు రెండో గేరు, బ్రేకు మీద కాలు నొక్కి ఉంచకూడదు. ఇక మంచు కంటే ముందు పొగమంచు ఉంటుంది. ఆగ్రా నుంచి అంబాలా దాకా డిసెంబర్ రాత్రుల్లో ముందున్న లారీ వెనక దీపం కూడా కనపడదు. ఆ మైదానంలో చీకటిపడ్డాక నడపొద్దని గట్టిగా చెప్పాను.

మనకు బంగాళాఖాతంలో వాయుగుండం ఎలాగో, వాళ్లకు చలికాలంలో మధ్యధరా సముద్రం వైపు నుంచి వచ్చే గాలుల అలజడి అలాగ. మంచు తెచ్చేది అదే. వాతావరణ శాఖ దాన్ని కొన్ని రోజుల ముందే పసిగట్టి ఎల్లో, ఆరెంజ్ హెచ్చరికలు ఇస్తుంది. తుపాను హెచ్చరిక ఉన్నప్పుడు మన మత్స్యకారులు వలలు సర్దుకుని ఒడ్డునే ఉంటారు. మనం మాత్రం హోటల్‌కి డబ్బు కట్టేశామని కొండెక్కుతాం.

మా అక్క కొడుకు కాలిఫోర్నియాలో శాక్రమెంటోలో ఉంటాడు. చలికాలం తాహో సరస్సుకి డానర్ కనుమ మీదుగా వెళుతుంటాడు. మంచు పడుతుంటే చెయిన్లు తప్పనిసరి అని రోడ్డు పక్క బోర్డు వెలుగుతుందట. చెయిన్లు లేని మామూలు కారుని చెక్‌పాయింట్ దగ్గరే వెనక్కి పంపేస్తారు, మరీ ముదిరితే ఏ కారునీ పోనివ్వరు, రోడ్డే మూసేస్తారు. మనాలిలోనూ మంచు పడ్డ రోజుల్లో నెహ్రూకుండ్ దగ్గర ఆపి ఫోర్ బై ఫోర్ బండ్లనే పైకి వదులుతారు. నియమం అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. తేడా మన ప్రవర్తనలో ఉంది. మన తెలుగువాళ్లు ఆ నాకా దగ్గర దిగి, హైదరాబాద్‌లో ఎవరో పెద్దమనిషికి ఫోన్ కలిపి కానిస్టేబుల్ చెవిలో పెట్టబోవడం నేను కళ్లారా చూశాను. జూబ్లీహిల్స్‌లో ఉండే మనకి పలుకుబడి గల వాళ్లు ఎందరో తెలుసు. ఆ ఫోన్ చేయకండి. ఆ కానిస్టేబుల్ మన పిల్లల్ని కాపాడుతున్నాడు.

మా పరిశ్రమకీ ఒక మాట చెప్పాలి. తెరమీద మంచు అందంగా ఉంటుంది. 2020లో 'వైల్డ్ డాగ్' కోసం నాగార్జున గారి యూనిట్ రోహ్‌తాంగ్ దాకా వెళ్లింది, 'సీతారామం' కశ్మీర్ మంచుని ఇంటింటికీ తెచ్చింది. ఆ పనులు చేసిన టెక్నీషియన్లకు నేను నమస్కరిస్తాను. కానీ 2024 డిసెంబర్‌లో ఒక తెలుగు సినిమా యూనిట్‌తో కశ్మీర్ వెళ్లిన యువ కెమెరా సహాయకురాలు ఛాతీ ఇన్ఫెక్షన్‌తో శ్రీనగర్ ఆస్పత్రిలో కన్నుమూసింది. ఆ వార్త విన్న రోజు నాకు మఢీ రాత్రి కళ్ల ముందు కదిలింది. ఐదు వందల మీటర్ల ఎత్తున్న ఊరి నుంచి మూడు వేల మీటర్లకు తీసుకెళ్లే ప్రతి లైట్‌మన్‌కీ, ప్రొడక్షన్ బాయ్‌కీ గాలికి అలవాటుపడేందుకు ఒక రోజు జీతంతో కూడిన విశ్రాంతి ఇవ్వాలి. యూనిట్‌తో డాక్టరు, ఆక్సిజన్ ఉండాలి. బడ్జెట్‌లో మంచు రోజులని రెండు రోజులు విడిగా రాయాలి. అవి వాడకపోతే మిగులుతాయి, అంతే కదా. డేట్లు ఇచ్చే హీరో హీరోయిన్లు, ఆ రెండు రోజులు కలిపే ఇవ్వాలి.

మా కుర్రాడు రెండు గంటలు కూర్చున్నాడు. చివరికి ఢిల్లీ దాకా రైలు, కొండ దారిలో అక్కడి టాక్సీ అన్నాడు. సిస్సూకి తేదీ తీసేశాడు. మనాలిలో నాలుగు రాత్రులుంటారు, రోడ్డు బాగుంటే ఏదో ఒక పూట వెళ్లొస్తారు, లేదంటే కింద వశిష్ఠ్‌లో వేడినీటి గుండాల దగ్గర గడుపుతారు. కొండ ఎక్కించే ముందే అత్తగారిని డాక్టరుకి చూపిస్తానన్నాడు. ఆఫీసులో రెండు రోజులు అదనంగా సెలవు అడిగాడు.

ఈ డిసెంబర్‌లో మంచు చూడ్డానికి వెళ్లేవాళ్లకి నా విన్నపం ఒకటే. బయల్దేరే రోజు పొద్దున, కారు తలుపు వేయకముందే, మీ స్థానిక డ్రైవరుకి అందరూ వినేలా చెప్పండి: "వెనక్కి తిరిగినా పూర్తి కిరాయి ఇస్తాం, నువ్వు ఆగమన్న చోట ఆగుతాం."